దూరమునుండి వచ్చిన మాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. మా తండ్రిగారు 1984 వరకు ఈ గ్రామమునకు కరణముగా లెక్కలు వ్రాసిరి. ఆ యేట ప్రభుత్వమువారు కరణీకమును రద్దు చేసిన పిమ్మట మా యింట మిగిలినవి ఒక సిరాబుడ్డియు, చెక్కపెట్టెలో కొన్ని పర్వముల భారతమును. సిరాబుడ్డి నాకు సహకార సంఘములో లెక్కలు వ్రాయు పని చూపినది. భారతము నన్ను ఈ గ్రంథాలయమునకు ఈడ్చుకొని వచ్చినది. తెలియని పదమునకు నిఘంటువు చూచుట, చూచినను తెలియనిచో పద్యమును మరల మొదటినుండి చదువుట, ఇంతమాత్రమే నా విద్య. కావున నా మాటలలో దోషములున్న, లెక్క తప్పిన గుమాస్తాను సరిదిద్దినట్లు సరిదిద్దుడని వేడుచున్నాను.

కార్యవర్గమువారు నాకిచ్చిన విషయము ఇది: విదేశములలోనున్న మనవారు ప్రయాణములనుగూర్చియు, ప్రజారోగ్యమునుగూర్చియు, లోకవార్తలనుగూర్చియు చెప్పుమాటలను మనమెట్లు గ్రహింపవలెను? ఈ ప్రశ్న ఊరక పుట్టినది కాదు. మన గ్రంథాలయపు వసారాలో ప్రతి సాయంకాలము ఇదే వాదము. కువైటునుండి చేతిఫోనులో వచ్చిన మాట వేదవాక్కని ఒక పక్షమువారు. ఊరు విడిచిపోయినవానికి ఊరి మంచిచెడ్డలతో నేమి పని యని మరియొక పక్షమువారు. జమకును ఖర్చునకును నడుమ గీత గీయుటయే నా వృత్తి గనుక, ఆ రెండు పక్షముల నడుమ నిలిచి నాలుగు మాటలు చెప్పుదును.

అరణ్యపర్వములో యక్షుడు ధర్మరాజును, లోకమున సుఖి యెవ్వడని ప్రశ్నించెను. తన యింట ఇంత కూరాకు వండుకొని తిన్నను సరే, ఋణము లేనివాడు, ప్రవాసము లేనివాడు సుఖి యని ధర్మరాజు సమాధానము చెప్పెను. ఈ ఘట్టమును నేను ఎన్నిసార్లు చదివితినో లెక్క లేదు. చదివినప్పుడెల్ల నాకొక సందేహము. ఋణమును ప్రవాసమును ఆయన ఒక్క ఊపిరిలో నేల చెప్పెను? పుస్తకములో దొరకని సమాధానము సహకార సంఘపు చిట్టాలో దొరికినది. మన సీమలో ఏడాదికి పడు వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదియైనను అదనున పడదు. విత్తిన వేరుసెనగ ఊడలు దిగు వేళకు మబ్బు మొగము చాటు చేయును. విత్తనమునకు అప్పు, బోరునకు అప్పు, ఎండిన బోరు ప్రక్కన మరియొక బోరునకు మరల అప్పు. ఆ అప్పు వెంట బెంగుళూరు బస్సో, గల్ఫు విమానమో వచ్చును. మన చిట్టాలో ఋణమను పేరుగల పుట త్రిప్పినచో దాని వెనుక పుటయే ప్రవాసము. ఆ రెండును ఒకే కాగితమునకు ఇరుప్రక్కలు. కావున ప్రవాసి మాటను వినునపుడు మొదట జ్ఞాపకముంచుకొనవలసినది ఇది: అతడు విలాసమునకు పోయినవాడు కాడు. మన కరవును భుజముమీద వేసికొని పోయినవాడు.

ఇక ప్రయాణము మాట. దేశాంతర వార్తలయెడ ఆసక్తి మనకు కొత్త కాదు. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు ఇల్లు కదలనివాడయ్యును, ఇంటికి వచ్చిన అతిథినెల్ల ఏ యే దేశములు చూచితిరి, అచటి వింతలేమి యని అడుగును. తుదకు ఒక సిద్ధుడిచ్చిన పాదలేపము పూసికొని హిమవత్పర్వతమునకు ఎగిరిపోవును. మంచునకు ఆ పసరు కరగిపోవును. పోయినవాడు తిరిగి వచ్చు దారి కానక అలమటించును. పిల్లలకు ఆ కథ చెప్పునపుడు వరూధిని యొద్దకు పరుగెత్తకుడు, పసరు కరగిన చోట కొంచెము ఆగుడు. సిద్ధుడు పోవు దారి చెప్పెను గాని, వచ్చు దారికి పూచీ యుండెనా? ప్రవరుడు ఆ ప్రశ్నను అడుగనేలేదు.

మన తెలుగువారు సముద్రము దాటుట పాత సంగతియే. కోరంగి రేవునుండి రంగూనుకు పోయినవారు, మారిషసు చెరకు తోటలకు పోయినవారు, 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో యను ఓడలో మద్రాసునుండి దర్బను చేరిన కూలీలలో తెలుగు మాట్లాడువారు, వీరందరును ఒకరి మాట నమ్మియే ఓడ యెక్కిరి. ఒడంబడికలో వ్రాసినదేమో వారిలో చదువగలవారు అరుదు. నూటయరువదియేండ్లకు పైబడినను ఆ లోపము మన ఊళ్ళనుండి పూర్తిగా పోలేదు. అందుకు సాక్షిని నేనే.

ఇప్పటికి పదునైదేండ్లు కావచ్చును. మన గ్రామపు ఆడపడుచు ఒకతె, భర్త అప్పు తీర్చుటకు గల్ఫు దేశమున ఇంటిపనికి పోదలచి, తరగరి యిచ్చిన కాగితములను నా యొద్దకు తెచ్చెను. "సిన్నాయనా, ఇదేమో సూడు, సరిగా ఉండాదా?" అనెను. నేను కళ్ళజోడు పెట్టుకొని దీనారముల జీతమును రూపాయలలోనికి మార్చితిని. నెలకెంత మిగులును, అప్పు ఎన్ని నెలలకు తీరును, వడ్డీ యెంత, అన్నియు పైసతో సహా వేసి చూపి, సాక్షి సంతకము చేసితిని. అది పనివీసా కాదనియు, కొద్దికాలము చూచి వచ్చువారికిచ్చు వీసా యనియు నేను గమనింపలేదు. ఇరువదియారేండ్ల పిల్లకు ముప్పదియొకటి యని వయస్సు వ్రాసియుండుటయు గమనింపలేదు. ఆమె పోయెను. పాస్‌పోర్టు యజమాని బీరువాలోనికి పోయెను. జీతము మూడు నెలలు వచ్చి నిలిచిపోయెను. పదునొకండవ నెలలో మన రాయబార కార్యాలయపు ఆశ్రయముతో ఆమె వట్టి చేతులతో తిరిగి వచ్చెను. వచ్చిన వారమునకు ఈ గ్రంథాలయపు మెట్లమీద నాకు ఎదురుపడి, కోపము లేకుండ, "లెక్క సరిగానే సేసినావు సిన్నాయనా, కాయితమే సూడలేదు" అనెను. నా జీవితములో నేనందుకొన్న విమర్శలలో అంతకంటె న్యాయమైనది లేదు.

ఆమె మాటతో నేను చదువుట మొదలుపెట్టితిని. 1983 నాటి వలస శాసనము ప్రకారము, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు కువైటు మొదలగు కొన్ని దేశములకు పనికి పోవలెనన్న వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. పనివారిని పంపు ఏజెంటునకు ప్రభుత్వపు లైసెన్సు ఉండవలెను. ఇంటిపనికి పోవు స్త్రీకి ముప్పదియేండ్లు నిండియుండవలెనను నిబంధన కలదు. వయస్సు దిద్దుట ఏల జరిగెనో నాకు అప్పుడు బోధపడినది. అనుమతితో పోవువారికి ప్రవాసి భారతీయ బీమా అనునది కలదు. ప్రమాద మరణమునకో, శాశ్వత వైకల్యమునకో పది లక్షల రూపాయల వరకు దాని రక్షణ. చూచి వచ్చువారి వీసాతో పోయినవారికి ఇవి యేవియు వర్తింపవు. కువైటు ప్రభుత్వము కూడ 2015లో ఇంటిపనివారికొక చట్టము చేసెను. వారమున కొక దినము విశ్రాంతి, పనిగంటలకు మితి, పనివారి పాస్‌పోర్టును యజమాని పట్టియుంచరాదనుట అందులోనున్నవి. చట్టమున్నంత మాత్రమున న్యాయము తలుపు తట్టి రాదు. కాని చట్టమున్నదని తెలియనివాడు తలుపు ఏది యని కూడ అడుగజాలడు.

ఈ సంగతులు ఎరిగినవారెవరు? పోయి వచ్చినవారే. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో ద్విభాషి. ఆయన 1830 మే నెలలో బయలుదేరి కాశికి పోయి, 1831 సెప్టెంబరున ఇల్లు చేరిరి. దారిలో చూచినదంతయు స్నేహితునకు జాబులుగా వ్రాసిరి. అవి 1838లో కాశీయాత్ర చరిత్రయై అచ్చుపడినవి. ఏ మజిలీలో నీరు మంచిది, ఎచట దిగుటకు చోటున్నది, ఏ ఊర అంగడులున్నవి యని ఆయన వ్రాసిపెట్టిరి. తరువాత నడువబోవువానిమీద కనికరముగలవాడే అట్లు వ్రాయగలడు. మన కువైటు అక్కలు, తమ్ములు వీరాస్వామయ్యగారి వలెనే ఎరుగుదురు. వారిని మనము అడుగలేదు, వారు వ్రాయలేదు. అడిగినదెల్ల ఒక్కటే: "ఎంత సంపాదించినావు?"

రెండవది ప్రజారోగ్యము. ఇచట ఒక పరదేశి కథతో మొదలుపెట్టెదను. 1800లో నిజాము ఈ సీమలను ఇంగ్లీషు కుంపిణీకి ఇచ్చివేసినపుడు, వానికి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు స్కాట్లండువాడైన థామస్ మన్రో. అనంతపురమున నుండి 1807 వరకు ఈ దత్తమండలములను డేరాలలో తిరిగి, పొలము వెంట పొలము కొలిపించి, రైతువారీ పద్ధతికి పునాదులు వేసెను. మా పూర్వులైన కరణముల లెక్కలు అతని ముందు నిలువవలసివచ్చెను. అతని పేర బిడ్డలకు మన్రోలప్ప యని పేర్లు పెట్టిన ఇండ్లును ఈ సీమలో నుండెను. మద్రాసు గవర్నరై, స్వదేశమునకు మరలిపోవు ముందు, తాను తిరిగిన సీమను కడసారి చూడవలెనని 1827లో వచ్చెను. దారిలో దండులో కలరా పుట్టెను. జులై 6వ తేదీన పత్తికొండలో ఆ వ్యాధి అతనిని కూడ ఒక్క దినములోనే తీసికొనిపోయెను. మొదట గుత్తిలో పాతిపెట్టి, 1831లో అస్థికలను చెన్నపట్టణమునకు కొనిపోయిరి.

ఈ కథలో లెక్కలవాడు నేర్చుకొనవలసినదున్నది. ప్రతి చెరువును, ప్రతి మడిని లెక్కించిన మన్రోకు తన చెంబులోని నీటి లెక్క తెలియదు. అది అతని తప్పు కాదు. ఆ కాలమున కలరా దుర్వాయువువలన వచ్చునని పెద్ద వైద్యులే నమ్మిరి. 1854లో లండనున జాన్ స్నో అను వైద్యుడు అది నీటివెంట వచ్చునని చూపెను. 1884లో కలకత్తాలో రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు ఆ క్రిమిని నిర్ధారించెను. 1971లో బంగాళాదేశపు శరణార్థుల శిబిరములలో దిలీప్ మహలనవీస్ అను మన దేశపు వైద్యుడు ఉప్పు చక్కెర కలిపిన నీటితో వేలమంది ప్రాణములు నిలిపెను. శుభ్రమైన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు; చెంచాలు గోపురము లేకుండ సమముగా నుండవలెను. గవర్నరునకు దక్కని మందు ఈనాడు మన వంటింటి అలమరలో నున్నది. తల్లులు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

దూరదేశమున నుండియే తన దేశపు రోగముల మందును వెదకిన తెలుగువాడొకడున్నాడు. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయి, మరల స్వదేశమును చూడకయే 1948లో కన్ను మూసిరి. స్ప్రూ యను వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆయనను కూడ పీడించినది. 1945లో ఆయన నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. గర్భిణులకు ఈనాడు ఆరోగ్యకార్యకర్త యిచ్చు మాత్రలలో ఇనుముతోపాటు ఉన్నది అదియే. బోదకాలునకు వాడు మందును ఆ ప్రయోగశాలలోనిదే. ప్రవాసి ఊరు మరచునని అనువారు ఆ మాత్రను ఒకసారి చేతిలోనికి తీసికొని చూడవలెను.

ఇక మన ఊరి కథ. నా మేనల్లుడు గల్ఫు దేశమున ఒక ఆసుపత్రిలో అంబులెన్సు తోలువాడు. కొన్నియేండ్ల క్రిందట సెలవుమీద వచ్చి, బడిపిల్లలు నవ్వుచుండగా చూచి, "మామా, ఈ పిల్లోళ్ళ పండ్లు అట్ల గారబట్టినాయేమి?" అనెను. మనము ఆ గారను నిత్యము చూచుచునే యుంటిమి. ఎర్రమట్టి గుణమంటిమి, పుల్లతో తోముకొననందున వచ్చినదంటిమి. వాడు నీరు పరీక్ష చేయింపుమనెను. పెద్దలకు కోపము వచ్చెను. "ఈ నీళ్ళు తాగే కదరా నువ్వు పెరిగినావు, నాలుగేండ్లు యెడారిలో ఉండి వస్తే మా నీళ్ళు చేదయినాయా?" యని ఒక పెద్దాయన ఇదే వసారాలో వానిని గద్దించెను. ఆ పెద్దాయన నడుము వంగియుండెను. మోకాళ్ళు బిగిసియుండెను. అది వయసువలన వచ్చినదని ఆయనయు, మేమును అనుకొంటిమి.

పరీక్షలో గుడి ప్రక్క బోరునీటిలో ఫ్లోరైడు మితికి మించి యున్నదని తేలెను. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మితి. ఇది కొత్త జబ్బు కాదు. 1937లోనే నెల్లూరు జిల్లాలో షార్టు అను ఆంగ్ల వైద్యుడును ఆయన సహచరులును దీనిని గుర్తించి ప్రకటించిరి. నెల్లూరు జిల్లాలో గుర్తించిన వ్యాధి మన వసారాకు వచ్చుటకు డెబ్బదియేండ్లు దాటినది.

మేనల్లుని మాట అంతయు ఒప్పని చెప్పుట లేదు. వాడు రోగమును సరిగా చూచెను, మందును తప్పుగా చెప్పెను. నీటిని కాచి త్రాగుడనెను. వత్తి వడపోత పాత్ర నొకటి కొని తెచ్చెను. కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరియై తగ్గినకొలది ఇంకను చిక్కబడును. వత్తి పాత్రయు దానిని ఆపలేదు. పటికయు సున్నమును కలిపి తేర్చు నల్లగొండ పద్ధతియో, అల్యూమినా వడపోతయో, తిరుగు ద్రవాభిసరణ యంత్రమో కావలెను. లేదా లోతు బోరును విడిచి, పైతట్టు నీరో, దూరపు నది నీరో తెచ్చుకొనవలెను. 1995 నాటి సత్యసాయి మంచినీటి పథకము మన జిల్లాలో ఏడువందలకు పైగా గ్రామములకు నీరు తెచ్చినది ఈ కారణముననే. మనము గుడి బోరును బట్టలు ఉతుకుటకు విడిచి, త్రాగుటకు వేరు నీరు తెచ్చుకొనుచున్నాము. వంగిన నడుము నిటారు కాదు. కాని ఈ సంవత్సరము బడిలో చేరిన పిల్లల పండ్లను చూడుడు.

ప్రవాసికి ఊరిని కొత్తగా చూచు కన్ను ఉండును. ఊరివానికి ఊరి లోతు తెలిసియుండును. కన్ను ఒకనిది, లోతు ఒకనిది. రెండును కలిసిననే వైద్యము.

2020వ సంవత్సరమును మీరు మరువలేదు. ఆ ఫిబ్రవరిలో గల్ఫు దేశములలో కరోనా కనబడగానే, మనవారు మూతికి గుడ్డ కట్టుకొనుడు, జాతరలో గుమికూడకుడు అని ఫోనులలో చెప్పిరి. మనము నవ్వితిమి. మార్చి 25వ తేదీన దేశమంతట తలుపులు మూతపడినపుడు ఆ నవ్వు ఆగినది. అంతవరకు అజ్ఞానము, క్షమింపవచ్చును. తరువాతిది క్షమింపరానిది. మే నెల 7వ తేదీన వందే భారత్ విమానములు మొదలై, పనులు పోయిన మనవారు ఒక్కొక్కరే తిరిగి వచ్చిరి. ప్రభుత్వము చెప్పిన దినములన్నియు విడిగా నుండి, పరీక్షలో రోగము లేదని కాగితము తెచ్చినవారి వీధికి సైతము మనము జాలిముళ్ళ కంప అడ్డము వేసితిమి. ఎవరి డబ్బుతో ఈ గ్రంథాలయపు రెండవ గది కప్పు పడినదో, వారి బిడ్డలకు పాలు పోయుటకు వెనుదీసితిమి. ఆ కంప వేసినవారిలో నేను లేను. తీసినవారిలోను లేను. కిటికీలోనుండి చూచుచుంటిని. ఈ సంగతి సంచికలో అచ్చుపడవలెననియే ఇచట చెప్పుచున్నాను.

మూడవది లోకవార్తలు. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించెను. అప్పుడు నాకు ఇరువదియేండ్లు. జాబులు లేవు, తంతి లేదు. రేడియో ముందు వీధి వీధియంతయు కూర్చుండెను. మనవారు ఎడారి దాటి జోర్డాను రాజధానియైన అమ్మాను చేరిరి. అచటినుండి ఎయిర్ ఇండియా విమానములు ఆ రెండు నెలలలో ఇంచుమించు 488 సార్లు ఎగిరి, లక్షకు పైగా జనమును ఇల్లు చేర్చెను. మన ఊరివారు ఒక్కొక్క సంచితో వచ్చిరి. వారిలో ఒకడు కాగితములను నడుమునకు కట్టుకొని వచ్చెను, మరియొకడు వస్త్రములు తెచ్చి కాగితములు విడిచెను. 1991లో ఐక్యరాజ్యసమితి నష్టపరిహార సంఘమునేర్పరచినపుడు ఆ ఇద్దరి దరఖాస్తులను నేనే వ్రాసితిని. కాగితములున్నవాని దరఖాస్తు నడచినది, లేనివానిది నానాయాతన పడినది.

అప్పుడు వార్త లేక బాధ. ఇప్పుడు వార్త యెక్కువై బాధ. ఎడారిలో జరిగినది మన వసారాకు నిమిషములో వచ్చును, జరుగనిది అంతకంటె ముందే వచ్చును. 2020లో మూతికి గుడ్డ కట్టుకొనుమన్న ఫోనులోనే, వేడినీరు పుక్కిలించిన కరోనా చచ్చునను మాటయు వచ్చెను. ఒకటి నిజము, ఒకటి అబద్ధము. రెండింటిని పంపినవాడు ఒక్కడే, ప్రేమయు ఒక్కటే. మరి యెట్లు వేరుచేయుట?

సుందరకాండలో హనుమంతుడు మరలివచ్చి, చూచితిని అను మాటను ముందు పెట్టి, సీతను అను మాటను తరువాత చెప్పెనని పెద్దలు మెచ్చుకొందురు. వార్తాహరునకు అంతకంటె గొప్ప శాస్త్రము లేదు. నేను లెక్కలవాడను గనుక దానినే మూడు గళ్ళుగా గీసితిని. మొదటి గడి: చూచినది. రెండవ గడి: విన్నది. మూడవ గడి: ఊహించినది. దూరమునుండి ఏ మాట వచ్చినను, నాయనా, ఇది ఏ గడిలోనిది యని అడుగుడు. "నా జీతము రెండు నెలలుగా రాలేదు", ఇది మొదటి గడి, నమ్ముడు, కదలుడు. "ఇక్కడివారినందరిని పంపివేయుదురట", ఇది రెండవ గడి, పత్రికలో చూడుడు. "ఇక మన దేశమునకు దినములు చెల్లినవి", ఇది మూడవ గడి. చెప్పినవాని బెంగకు ఊరటనిచ్చి, వార్తను వార్తగా లెక్కవేయకుడు. ఈ నియమము ప్రవాసికే కాదు, మన వసారాకు కూడ వర్తించును. ఊరిలో వాన బాగుగా పడినదని ఫోనులో కోసిన అబద్ధములను, అమ్మ ఆరోగ్యము కుదుటనున్నదని చెప్పి దాచిన సత్యములను లెక్కవేసిన, మనకును జమ తక్కువ, బాకీ యెక్కువ.

ముగించుటకు ముందు ఇంకొక పరదేశిని స్మరింపవలెను. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్‌గారు 1952లో మన దేశమునకు వచ్చి, 1969లో అనంతపురము చేరిరి. బావులు, ఇండ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి ఆయన స్థాపించిన సంస్థవలన మన కన్నుల యెదుటనే లేచినవి. 2009 జూన్ 19వ తేదీన ఆయన ఇచటనే కన్ను మూసిరి. బయటివాడు వచ్చి లోపము చూచుట అరుదు కాదు. చూచిన లోపము దగ్గర నలువదియేండ్లు కూర్చుండుట అరుదు. కావున ఊరిని విమర్శించు ప్రవాసికి నా మనవి ఇది: మీ విమర్శను మేము వినెదము, విమర్శించిన పనికి మీరును ఒక చేయి వేయుడు. డబ్బే కానక్కరలేదు. మీరెరిగిన దారిని వ్రాసిపెట్టుటయు ఒక చేయియే.

ఇందుకై కార్యవర్గమువారికి ఒక ప్రార్థన. రజతోత్సవ చిహ్నముగా శిలాఫలకము కంటె ముందు, రెండు పుస్తకములు తెరువుడు. మొదటిదాని పేరు ప్రవాసి చిట్టా. పోయి వచ్చిన ప్రతివారు, చదువు రానివారు చెప్పగా మన బడిపిల్లలు వ్రాయుదురు, ఏ దారిని పోయిరి, ఏ కాగితములు కావలసివచ్చెను, ఎచట మోసము, ఎచట సాయము, నీరు ఎట్టిది, ఆసుపత్రి యెట్టిది యని మూడు గళ్ళలో నింపవలెను. రెండవదాని పేరు పోవువారి పుస్తకము. ఊరు దాటి పనికి పోవు ప్రతివారి పాస్‌పోర్టు, వీసా, ఒడంబడిక నకళ్ళు అందులో భద్రముగా నుండవలెను. వారి అనుమతి లేక ఇతరులకు చూపరాదు. కాగితములను సంతకమునకు ముందు ముగ్గురు చదువవలెను. వారిలో ఒకరు తప్పక పోయి వచ్చినవారై యుండవలెను.

ఆ ముగ్గురిలో లెక్క చూచువానిగా నన్నుంచిన, ఉండెదను. కాగితము చూచుటకు మాత్రము, నాకు ఆనాడు మెట్లమీద బుద్ధి చెప్పిన ఆడపడుచును పిలువుడు. ఆమె ఈ సభలోనే, స్త్రీల వరుసలో కూర్చున్నది. పేరు చెప్పుట ఆమెకు ఇష్టము లేదు. పని చేయుటకు మాత్రము నిన్న సాయంకాలము ఒప్పుకొన్నది.

ఋణము లేని దినము మన సీమకు ఎప్పుడు వచ్చునో నా లెక్కకు అందుట లేదు. ప్రవాసము తప్పని దినములలోనైన, పోవు పాదములకు కరగిపోవు పసరు కాక, తెలిసిన దారి ఉండవలెను. తిరిగి వచ్చు పాదములకు ముళ్ళకంప కాక, ఈ గ్రంథాలయపు మెట్లు ఉండవలెను.